లైబ్రరీలో పాత కంప్యూటర్లకి లినక్స్ మింట్: నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

నమస్కారం అండి. ఈ వీడియో ముఖ్యంగా లైబ్రేరియన్ల కోసం. శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నా, కాలేజీ లైబ్రరీ చూసుకుంటున్నా, మీ దగ్గర కంప్యూటర్లు పాతబడిపోయి కొత్తవి ఎప్పుడొస్తాయో తెలియకపోతే కాసేపు నాతో ఉండండి.

ఇదిగో, ఈ కంప్యూటర్ చూడండి. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. మా లైబ్రరీలో పాఠకులు వాడే మూడు కంప్యూటర్లలో ఇదొకటి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. కీబోర్డు బాగుంది, మానిటర్ బాగుంది, రోజూ పదిమంది కూర్చుంటున్నారు. అలాంటిదాన్ని కండెమ్ లిస్టులో రాయడానికి నాకు మనసొప్పలేదు. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఒక ఎస్ఎస్‌డీ పెట్టించి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. నాలుగు నెలలైంది.

మింట్ గురించి రెండు మాటలు. లినక్స్ కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ని, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేశారు. దాని మీద తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌లు చాలా ఉన్నాయి, ఉబుంటు, డెబియన్ లాంటివి. మింట్ 2006లో మొదలైంది, ఉబుంటు ఆధారంగా తయారవుతుంది. ఇప్పటి 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలంటారు కానీ, బ్రౌజర్ సాఫీగా నడవాలంటే 4 జీబీ ఉండాల్సిందే అని నా అభిప్రాయం. మింట్‌లో మూడు ఎడిషన్లు ఉన్నాయి. పాత కంప్యూటర్ కాబట్టి అన్నిటికన్నా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకున్నాను. కింద మెనూ, పక్కన గడియారం, విండోస్ వాడినవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు. మా పాఠకుల్లో ఎక్కువమంది ఏం మారిందని కూడా అడగలేదు.

వెంటనే ఇన్‌స్టాల్ చేసేయకండి. పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, కంప్యూటర్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేయండి. లోపలి డిస్క్‌ని ముట్టుకోకుండానే మొత్తం నడుస్తుంది. పెన్‌డ్రైవ్ కాబట్టి కొంచెం నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడకండి. వైఫై వస్తోందా, ప్రింటర్ కనపడుతోందా, సౌండ్ ఉందా చూసుకోండి. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ చేయండి. చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేసే ఆప్షన్ ఒకటి వస్తుంది. దాన్ని నొక్కితే పాత ఫైళ్లు తిరిగి రావు. ముందే కాపీ తీసి పెట్టుకోండి.

ఇప్పుడు నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం చెప్తాను.

మన లైబ్రరీలకి పోటీ పరీక్షల పిల్లలు ఎక్కువగా వస్తారు కదండీ. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ ఉద్యోగాలు. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటారు, మెయిల్ తెరుస్తారు, అప్లికేషన్ పెడతారు. సాయంత్రం ఆ కంప్యూటర్ తెరిచి చూస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆధార్ కార్డులు, పదో తరగతి మార్కుల మెమోలు, ఫోటోలు, సంతకాలు. ఒకరోజు ఒక అమ్మాయి మెయిల్ మర్నాటిదాకా అలాగే తెరిచి ఉంది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో మనం బయటివాళ్లకి చెప్పం. అలాంటిది వాళ్ల ఆధార్ కార్డుని తర్వాత వచ్చినవాళ్ల ముందు పెడుతున్నామే అని నాకు చాలా బాధనిపించింది.

మింట్‌లో దీనికి పరిష్కారం ఉంది. సెట్టింగ్స్‌లో 'లాగిన్ విండో' తెరవండి, పాస్‌వర్డ్ ఇవ్వండి, 'యూజర్స్' అనే ట్యాబ్‌లోకి వెళ్లి 'అలౌ గెస్ట్ సెషన్స్' ఆన్ చేయండి. మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేశాక పాఠకుడు పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా లోపలికి వస్తాడు. అతని కోసం అప్పటికప్పుడు ఒక తాత్కాలిక ఫోల్డర్ తయారవుతుంది. లాగ్ అవుట్ కాగానే ఆ ఫోల్డర్ మొత్తం చెరిగిపోతుంది. డౌన్‌లోడ్ చేసినవి, బ్రౌజర్ హిస్టరీ, తెరిచి ఉంచిన మెయిల్, ఏదీ మిగలదు. తర్వాత వచ్చేవాళ్లకి కొత్త కంప్యూటర్‌లా ఉంటుంది.

ఒక జాగ్రత్త. లాగ్ అవుట్ చేస్తేనే చెరుగుతుంది, కుర్చీలోంచి లేచి వెళ్లిపోతే చెరగదు. అందుకని ప్రతి మానిటర్ మీద 'మీ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, లేచే ముందు లాగ్ అవుట్ చేయండి' అని కాగితం అంటించాను. రాత్రి తాళం వేసే ముందు నేనూ ఒకసారి చూస్తాను.

ఇష్యూ కౌంటర్ దగ్గరికి వద్దాం. బార్‌కోడ్ స్కానర్ పనిచేస్తుందా అని చాలామందికి టెన్షన్. మామూలు యూఎస్‌బీ స్కానర్‌ని కంప్యూటర్ కీబోర్డుగానే చూస్తుంది. యాక్సెషన్ నంబర్‌ని, అంటే పుస్తకానికి లైబ్రరీ వేసే నంబర్‌ని, మనం చేత్తో టైప్ చేసినట్టే అది పంపిస్తుంది, కాబట్టి డ్రైవర్ అక్కర్లేదు. మాది పెట్టగానే పనిచేసింది. ప్రింటర్ మాత్రం ఇబ్బంది పెట్టింది. మా పాత లేజర్ ప్రింటర్‌కి లినక్స్ డ్రైవర్ సరిగ్గా దొరకలేదు, రెండు రోజులు తిప్పలు పడి చివరికి ఇంకో ప్రింటర్ కలిపాం. మీరు పెన్‌డ్రైవ్ మీద ఉన్నప్పుడే ప్రింటర్ చూసుకోండి అని చెప్పింది అందుకే.

తెలుగు సంగతి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే అందుకు ఆర్‌టీఎస్ అనే పద్ధతి దొరుకుతుంది. అసలు చిక్కు పాత ఫైళ్లతో. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనపడే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లలో ఏళ్ల తరబడి టైప్ చేసిన పుస్తకాల జాబితాలు మనలో చాలామంది దగ్గర ఉన్నాయి. ఆ ఫాంట్ లేకపోతే అవి తెలుగుగా కనపడవు. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని కొంత శ్రమే. కానీ కేటలాగ్‌లో తెలుగు పేరు కొట్టి పుస్తకం వెతకాలంటే, మీరు విండోస్‌లోనే ఉన్నా సరే, ఆ పని ఎప్పటికైనా చేయక తప్పదు.

లైబ్రరీ సాఫ్ట్‌వేర్ విండోస్‌కి మాత్రమే తయారైనదైతే కౌంటర్ కంప్యూటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు పాఠకుల కంప్యూటర్లు మార్చండి. ఈ-గ్రంథాలయ 4.0 లాంటివి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి కాబట్టి వాటికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఒకటే.

కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ గురించి కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన విషయం. న్యూజిలాండ్‌లో హొరోఫెనువా అనే ప్రాంతంలో లైబ్రరీ ట్రస్ట్ ఉంది. 1999లో వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరంలోకి అడుగుపెట్టలేని పరిస్థితి. కటిపో అనే కంపెనీతో కొత్తది రాయించుకున్నారు. 2000 జనవరిలో అది పనిలోకి దిగింది. దాన్ని తమ దగ్గరే దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. మన హైదరాబాద్‌లో తయారైన న్యూజెన్‌లిబ్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కూడా 2008లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్ అందరికీ ఇచ్చేశారు. కోహా సర్వర్‌ని మాత్రం మింట్ మీద కాకుండా డెబియన్ మీదో ఉబుంటు మీదో పెట్టండి. వాళ్లు ప్యాకేజీలు చేసేది వాటికే. మింట్ కంప్యూటర్ల నుంచి బ్రౌజర్‌లో వాడుకోవచ్చు.

చివరగా ఒక మాట. డబ్బు కట్టి కొన్న విండోస్‌ని కాపీ చేసి పాఠకుడికి ఇవ్వడానికి మనకి హక్కు లేదు. మింట్‌ని ఇవ్వొచ్చు. ఎన్ని కాపీలైనా తీసి, ఎంతమందికైనా పంచొచ్చు. పోయిన నెల ఒక కుర్రాడు వచ్చి, ఇంట్లో అన్నయ్య పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంది, ఇది దానిలో వేసుకోవచ్చా సార్ అని అడిగాడు. మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి సిద్ధం చేసి, యాక్సెషన్ రిజిస్టర్‌లో రాసి, నంబర్ వేసి, పుస్తకం ఇచ్చినట్టే పద్నాలుగు రోజులకి అతని కార్డు మీద ఇష్యూ చేశాను. తిరిగి వచ్చింది. ఇప్పుడు ఇంకొకరి దగ్గర ఉంది.