గీత మీద బొటనవేలు

వేదిక మీది పెద్దలకు, శిక్షణకు వచ్చిన ఇంగ్లీషు టీచర్లకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, మన్నించండి.

జాతీయాలు పిల్లలకు ఎలా నేర్పాలో చెప్పమన్నారు. ఒక్కటే తీసుకుంటాను, 'టో ద లైన్'. గైడ్లలో 'నియమాలు పాటించు' అని ఉంటుంది. అది చాలదు. పరుగు పందెంలో సున్నం గీతకి కాలివేలు ఆనించి నిలబడతాం చూడండి, ఆ బొమ్మ ఉంది ఈ మాటలో. బ్రిటిష్ పార్లమెంటులో రెండు కత్తుల దూరంలో గీసిన ఎర్రగీతల నుంచి పుట్టిందన్నది కట్టుకథ, దయచేసి క్లాసులో చెప్పకండి. ఇష్టమున్నా లేకున్నా పైవాళ్లు గీసిన గీతకు లోబడటం, అదీ అర్థం. పార్టీ చెప్పినట్టు ఓటేసే సభ్యుడికి సరిపోతుంది. తండ్రి మాట జవదాటని కొడుక్కి వాడకండి. జవదాటకపోవడంలో గౌరవం ఉంది, ఇందులో ఒత్తిడి ఉంది.

ఇక స్పెల్లింగు. ఇక్కడికొచ్చేసరికి నాకొక పిల్లవాడు గుర్తొస్తాడు. రాసుకొచ్చిన మిగతా కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను.

భీమిలి వైపు పనిచేస్తున్నప్పుడు, తొమ్మిదో తరగతి పరీక్షలో ఒకడు కాలివేలు అనే అర్థమున్న టి ఓ ఇ బదులు టి ఓ డబ్ల్యూ రాశాడు. ఎర్రసిరాతో కొట్టేసి సున్నా వేశాను. పేపర్లిచ్చిన రోజు నా బల్ల దగ్గరికొచ్చాడు. "టో అంటే లాగడమే కదండీ? మా అయ్యోళ్లు ఒడ్డు మీంచి పెద్ద వల లాగుతారండి. ఒకడు తాడొగ్గేత్తే వల తిరగబడిపోద్ది. అందరూ ఒక్కపాలే లాగాల. అదే రూలు కదండీ?" అన్నాడు. వాడి అరచేతులు తాడు ఒరిపిడికి కాయలు కాసి ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా, "స్పెల్లింగు తప్పు, వెళ్లి కూర్చో" అన్నాను.

ఆ తప్పు వాడొక్కడిదేనా? 1946లోనే ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ ఒక వ్యాసంలో ఈ మాటనే ఎత్తిచూపాడు. ఇంగ్లీషులో రాసేవాళ్లే అర్థం పట్టించుకోక టి ఓ డబ్ల్యూ అని రాసేస్తున్నారని ఆయన బాధ. మా పిల్లవాడు పట్టించుకున్నాడండీ! తన ఊళ్లో, తన ఒడ్డున వెతికి అర్థం తెచ్చుకున్నాడు. దానికి నేను సున్నా వేశాను. ఇరవై ఏళ్లయింది, ఆ సున్నా నన్ను వదల్లేదు.

అమ్మా, రేపు మీరూ పేపర్లు దిద్దుతారు. అక్షరం తప్పైతే దిద్దండి, దిద్దాల్సిందే. కానీ పిలిచి, "ఎందుకిలా రాశావు నాన్నా?" అని అడగండి.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం, ఆ సుద్దముక్క ఇలా ఇవ్వండి. రెండు స్పెల్లింగులూ రాస్తున్నాను. ఇదిగో, దీని పక్కన గీత, కాలివేలు. దీని పక్కన తాడు, వల.