తలను కొట్టేది గాలి కాదు, గాలి సుడి

అందరికీ నమస్కారం.

బైక్ మీద వేగం ఎనభై దాటగానే హెల్మెట్ దడదడలాడుతుంది. అద్దంలో వెనకున్న లారీ రెండుగా కనిపిస్తుంది. గంట తిరిగేసరికి మెడ పట్టేస్తుంది. అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని బండి ముందు గాలిని ఆపే పలక, అంటే వైజర్, ఇంకాస్త పొడుగుది కొనడం. చాలాసార్లు దాంతో బాధ తగ్గకపోగా ఎక్కువవుతుంది.

కాలవలో పాతిన గుంజను చూడండి. ముందు నీళ్లు సాఫీగా వస్తాయి, వెనక సుళ్లు తిరుగుతాయి. మీ వైజర్ కూడా గుంజే. దాని పై అంచు దాటిన గాలి, వెనక ఒత్తిడి తగ్గిన చోటులోకి దొర్లిపడుతుంది. ఆ దొర్లే గాలి హెల్మెట్ ఎత్తులో ఉందంటే తలను అటూ ఇటూ ఊపేస్తుంది. వైజరే లేని బండి మీద గాలి రొమ్మును తోస్తుంది, హోరు కూడా ఉంటుంది, కానీ తల ఇంతగా ఊగదు. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి తోపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

కాబట్టి కొనేముందు సుడి ఎక్కడుందో పట్టుకోండి. గాలి పడిపోయిన తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, నిలకడగా 80లో. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూవీలర్లను రానివ్వరు గనక 44వ నంబరు హైవే పట్టండి. అనంతపురం వైపు మాత్రం వద్దు, అక్కడ గాలిమరలు ఊరికే పెట్టలేదు! ఫుట్‌పెగ్‌ల (పాదాలు పెట్టే కడ్డీల) మీద నాలుగు వేళ్ల ఎత్తు లేవండి. హోరు పెరిగినా ఊపు ఆగిందంటే, వైజర్ మీకు ఎక్కువ ఎత్తు. వంగితే ఆగిందా, కాస్త పొట్టి. రెండింటికీ మారకపోతే మోకాళ్లతో ట్యాంకును గట్టిగా నొక్కి చూడండి. తేడా వస్తే ఆ గాలి ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) పక్కల నుంచి, కిందినుంచి ఎగదన్నుతోందన్నమాట. దానికి ఫోర్క్ దగ్గర గాలిని మళ్లించే చిన్న పలకలు, అంటే డిఫ్లెక్టర్లు కావాలి, కొత్త వైజర్ కాదు.

ఇంకా తేటగా చూడాలంటే పది రూపాయల ఊలు దారం చాలు. 10 సెంటీమీటర్ల ముక్కలు కోసి, వైజర్ లోపలి వైపు పై అంచు దగ్గర, ట్యాంకు పక్కల టేపుతో అంటించండి. పక్క బండి మీద వెనక కూర్చున్నవాళ్లు వీడియో తీయాలి, నడిపేవాళ్లు కాదు. దారం వెనక్కి చదునుగా పడుకుంటే గాలి సాఫీ. గిరగిరా తిరిగినా, ముందుకు తిరిగి నిలబడినా సుడి అక్కడే.

చవకైన మందు సందు. వైజర్‌కీ ఫెయిరింగ్‌కీ (బండి ముందరి తొడుగుకీ) మధ్య బోల్టుల దగ్గర 10 నుంచి 15 మిల్లీమీటర్ల నైలాన్ గొట్టం ముక్కలు, అంటే బుష్‌లు వేస్తే, ఆ సందులోంచి గాలి వెళ్లి వెనక ఖాళీని నింపుతుంది, సుడి బలం తగ్గుతుంది. బోల్టు కూడా అంతే పొడుగు పెరగాలి, లేకపోతే రెండు మరలే పట్టి ఊడిపోతుంది. నాలుగింటికీ వేస్తే వాలు మారదు. పై రెండింటికే వేస్తే వైజర్ నిటారవుతుంది, కింద రెండింటికే వేస్తే వెనక్కి వాలుతుంది. వైజర్ ప్లాస్టిక్, అంటే పాలికార్బొనేట్‌ను గట్టిగా బిగిస్తే రంధ్రం చుట్టూ నెర్రెలు. థ్రెడ్‌లాకర్ (బోల్టు ఊడకుండా వేసే జిగురు) చుక్క తగిలినా అంతే. చేత్తో బిగించి, పావు చుట్టు చాలు. వైజర్ పై అంచుకు తగిలించే చిన్న పలక, అంటే స్పాయిలర్‌కు కూడా కింద వేలు దూరేంత సందు ఉండాలి.

ఎత్తు విషయానికొస్తే, రోడ్డు వైజర్ అంచు మీదుగా కనిపించాలి, వైజర్‌లోంచి కాదు. రాత్రి వానలో ఎందుకో తెలుస్తుంది. హ్యాండిల్‌కే బిగించే పెద్ద వైజర్లు పక్కగాలికి స్టీరింగ్‌నే లాగుతాయి, వాటిని నేను సిఫారసు చేయను. ముందుకు పొడుచుకొచ్చిన కొప్పున్న అడ్వెంచర్ హెల్మెట్ అయితే కొప్పు తీసి ఒకసారి చూడండి. లారీ వెనక మాత్రం ఏ వైజరూ పనిచేయదు, దూరం పెంచడమే.

పిలియన్ (వెనక కూర్చునే మనిషి), పెట్టెలు ఎక్కితే వెనక సస్పెన్షన్ కుంగి బండి ముక్కు లేస్తుంది, వైజర్ వాలూ మారుతుంది. ఒంటరిగా సరిపెట్టుకున్నది ఇద్దరికి సరిపోదు. ముందు ప్రీలోడ్ (వెనక స్ప్రింగ్ బిగువు) పెంచి, ఆ తర్వాతే వైజర్ జోలికి వెళ్లండి. ఏది మార్చినా ఒక్కటే మార్చండి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కేబుల్ ఎక్కడా పట్టడం లేదని చూసుకోండి, వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్లీ తడమండి.