మన రిఫండు మనమే అడుగుదాం

శ్రోతలకు నమస్కారం.

2025 జులైలో మా పక్కింటి అక్కయ్యగారు ఒక చీటీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆమెకు తిరిగి రావలసిన ఆదాయపు పన్ను, అంటే రిఫండు గురించి వీధి చివర ఆన్‌లైన్ సేవల దుకాణంలో రాసి ఇచ్చిన చీటీ అది. అందులో రెండే అంకెలు. పైన "రిఫండు 13,200", కింద "మా ఖర్చు 2,640". వచ్చే డబ్బులో ఐదో వంతు తమకు ఇవ్వాలని దుకాణం వారి లెక్క. "తమ్ముడూ, ఇంత ఇవ్వడం న్యాయమేనా? నాకేమో ఇదంతా తెలియదు" అని అడిగారు.

నేను బ్యాంకులో ఉద్యోగం చేసి విరమించిన వాణ్ణి. ఇలాంటి చీటీలు చాలా చూశాను. ఆ రోజు ఆమెతో చెప్పిన మాటలే ఈ రోజు మీకూ చెప్పాలని వచ్చాను.

అసలు ఈ డబ్బు ఎక్కడిది? అక్కయ్యగారి వయసు 68. భర్త పోయాక నెలకు 26,000 రూపాయల కుటుంబ పింఛను వస్తుంది. ఆయన దాచిన సొమ్మంతా ఒకే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా ఉంది. వాటి మీద 2024-25 ఆర్థిక సంవత్సరంలో 1,32,000 రూపాయల వడ్డీ వచ్చింది. డిపాజిట్ల వడ్డీ ఒక హద్దు దాటితే అందులో 10 శాతం మినహాయించి ప్రభుత్వానికి జమ చేయడం బ్యాంకు బాధ్యత. పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం. సీనియర్ సిటిజన్లకు అప్పట్లో ఆ హద్దు 50,000 రూపాయలు. 2025 ఏప్రిల్ నుంచి లక్ష చేశారు. మన మిగతా ఆదాయం ఎంతో, మనకు పన్ను పడుతుందో పడదో బ్యాంకుకు తెలియదు. తెలిసిన వడ్డీ మీద కోత వేస్తుంది, అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. కుటుంబ పింఛను ఏడాదికి 3,12,000. కొత్త పన్ను విధానంలో దానిలోంచి 25,000 తగ్గించుకోవచ్చు. డిపాజిట్ల వడ్డీ, సేవింగ్స్ ఖాతాలో పడిన 1,840 కలిపితే మొత్తం ఆదాయం 4,20,840 రూపాయలు. ఆ సంవత్సరానికి కొత్త విధానంలో ఏడు లక్షల లోపు ఇలాంటి ఆదాయానికి రిబేటు, అంటే పన్నులో ఇచ్చే తగ్గింపు పోగా పన్ను సున్నా. అంటే కోసిన 13,200 రూపాయలూ ఆమెవే. రిటర్ను, అంటే ఏడాది ఆదాయం, పన్ను లెక్క చూపే పత్రం వేసి అడిగితే తిరిగి ఇస్తారు, అడగకపోతే అది అక్కడే ఉండిపోతుంది.

ఆ సాయంత్రం మా భోజనాల బల్ల మీదే కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాం. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో ఆమె పాన్ నంబరుతో ఖాతా తెరిచాం. దీనికి రూపాయి ఖర్చు లేదు. మన పేరిట కోసిన పన్ను చూపే 26ఏఎస్ అనే పట్టిక తీస్తే నాలుగు వరుసలు కనిపించాయి. మూడు నెలలకు ఒకటి చొప్పున, ఒక్కో వరుసలో 3,300 రూపాయలు, పక్కన బ్యాంకు పేరు. అక్కయ్యగారు కళ్లజోడు సర్దుకుని ఆ నాలుగు వరుసలనూ వేలితో కూడి చూసుకున్నారు. "నా డబ్బు ఎక్కడ ఉందో ఇప్పుడు కనిపించింది" అన్నారు.

ఆమె వేయవలసింది సహజ్ అని పిలిచే ఐటీఆర్-1 ఫారం. వివరాలు చాలావరకు ముందే నింపి ఉంటాయి. వాటిని మన కాగితాలతో సరిపోల్చుకోవాలి. ఒక్కచోట మాత్రం చాలామంది తడబడతారు. ఉద్యోగం చేసి విరమించిన వారి పింఛను జీతం పద్దులోకి వెళుతుంది. కుటుంబ పింఛను మాత్రం ఇతర ఆదాయం పద్దులో చూపాలి. దీన్ని జీతంలో వేసి జీతగాళ్లకు ఇచ్చే 75,000 రూపాయల తగ్గింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్ తీసేసిన రిటర్నులు నేను చూశాను. డబ్బు తీసుకుని నింపిన వారు చేసిన తప్పు అది.

మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టింది పన్ను లెక్క కాదు, ఇంటిపేరు. పాన్ కార్డులో ఆమె ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకు పాస్‌పుస్తకంలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే ఉంది. రిఫండు పడాలంటే బ్యాంకు ఖాతాను వెబ్‌సైటులో ముందుగా ధ్రువీకరించాలి. పేర్లు సరిపోక అది తిరస్కరణకు గురైంది. మన తెలుగువాళ్లలో ఈ చిక్కు ఎంత మందికి ఉందో! పొడి అక్షరాలతోనే బడిలో చేరాం, ఉద్యోగాలు చేశాం, ఖాతాలు తెరిచాం. ఆమె బ్యాంకుకు రెండుసార్లు వెళ్లి పేరు సరిచేయించుకున్నారు. వారం పట్టింది. దుకాణం వారికి డబ్బు ఇచ్చినా ఈ తిరుగుడు ఆమెకు తప్పేది కాదు.

ఆగస్టు మొదటి వారంలో రిటర్ను వేసి, ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చిన ఓటీపీతో అప్పుడే ధ్రువీకరించాం. ఇది 30 రోజుల్లోగా చేయాలి. రిటర్ను వేశాం కదా అని ఇక్కడితో వదిలేసేవారు ఉన్నారు. ధ్రువీకరించని రిటర్ను వేయనట్టే లెక్క. ఆగస్టు 26న ఆమె ఖాతాలో 13,530 రూపాయలు జమ అయ్యాయి. పైన వచ్చిన 330 ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం చొప్పున ప్రభుత్వం ఇచ్చిన వడ్డీ. ఆ వడ్డీని వచ్చే రిటర్నులో ఆదాయంగా చూపాలని అప్పుడే ఆమెకు చెప్పాను.

సాయం చేసినవారికి రుసుము ఇవ్వడం తప్పని నేను అనను. కంటిచూపు సరిగా లేనివారు, కంప్యూటర్ ముట్టనివారు ఎందరో ఉన్నారు. పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని ఇవ్వండి. కానీ రిఫండులో శాతం అడిగేవారికి మాత్రం దయచేసి మీ రిటర్ను అప్పగించకండి. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. రిఫండు అంటే మన దగ్గర ఎక్కువగా తీసుకున్నది తిరిగి రావడమే. కోసినదాని కంటే, దాని మీద వడ్డీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ రాదు. శాతం మీద బతికేవాడికి మాత్రం అది ఎంత పెరిగితే అంత లాభం. అందుకే జీతగాళ్ల దగ్గరికి వెళ్లి "మీకు 60,000 తెప్పిస్తాం" అంటారు. పన్ను తగ్గించి చూపడానికి కట్టని ఇంటి అద్దె, తీసుకోని చదువు రుణం, ఏ పార్టీకీ ఇవ్వని విరాళం రాసేస్తారు.

2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి బూటకపు క్లెయిముల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమంతట తాము రిటర్నులు సరిచేసుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. పట్టుబడితే ఆ 60,000 వడ్డీతో కట్టాలి, దాని మీద రెట్టింపు జరిమానా, అంటే మరో 1,20,000. శాతం తీసుకున్న మనిషి ఆ రోజు కనిపించడు. చాలాచోట్ల రిటర్నులో అతని ఈమెయిలే ఉంటుంది కనుక నోటీసు వచ్చిన సంగతి కూడా మనకు తెలియదు. రిటర్ను ఎవరు నింపినా పేరు మనది, బాధ్యత మనది. ఎవరి చేత వేయించుకున్నా ఫోను నంబరు, ఈమెయిలు, పాస్‌వర్డు మీవే ఉండాలి.

నిపుణుడి దగ్గరికి వెళ్లి తీరవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. స్థలమో ఫ్లాటో అమ్మినవారు, షేర్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం చేసేవారు, శాఖ నుంచి నోటీసు అందుకున్నవారు చార్టర్డ్ అకౌంటెంటును కలవాలి. మన పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడి స్థలం అమ్మితే, లాభం ఎంతన్నది చూడకుండా అమ్మకం ధర మొత్తం మీద కొన్నవారు పన్ను కోయవలసి వస్తుంది. తక్కువ కోతకు శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకుంటే ఆ బాధ ఉండదు. అలాంటి పనికి నిపుణుడికి ఇచ్చే రుసుము వృథా కాదు.

2024-25కు ఆలస్యంగా రిటర్ను వేయడానికి 2025 డిసెంబరు 31 వరకు గడువు ఉండేది. మొత్తం ఆదాయం మినహాయింపు హద్దు లోపే ఉంటే ఆలస్య రుసుము లేదు. అది దాటి 5 లక్షల లోపు ఉంటే 1,000 రూపాయలు, ఆ పైన 5,000. ఆలస్యంగా వేస్తే రిఫండు మీద వడ్డీ మాత్రం ఏప్రిల్ నుంచి కాక, రిటర్ను వేసిన నాటి నుంచే లెక్కిస్తారు. తప్పుడు క్లెయిము వేయించుకున్నవారు సవరించిన రిటర్ను వేయడానికీ అప్పట్లో ఆ డిసెంబరు 31 ఆఖరి తేదీ. ఆ తర్వాత సరిచేసుకోవాలంటే అదనపు పన్ను కట్టాలి. సందేహాలుంటే శాఖ వారి ఉచిత నంబరు 1800 103 0025కు ఫోను చేయండి. "మీ రిఫండు మంజూరైంది, ఈ లింకు నొక్కండి" అని ఫోనుకు వచ్చే సందేశాలను మాత్రం తెరవకండి.

పన్ను పడని సీనియర్ సిటిజన్లు ఏటా ఏప్రిల్లో బ్యాంకుకు పన్ను కోయవద్దని ఫారం ఇస్తే అసలు కోతే ఉండదు. 2025-26 వరకు అది 15హెచ్ ఫారం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కనుక, ఏ ఫారం చెల్లుతుందో బ్యాంకులో అడిగి తీసుకోండి. అక్కయ్యగారింట్లో కొత్త సంవత్సరం క్యాలెండరు ఇప్పటికే గోడకెక్కింది. ఏప్రిల్ పుటలో మొదటి వారం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన "బ్యాంకు, ఫారం" అని రాసుకున్నారు.

సెలవు. నమస్కారం.