సోమవారం కబురు, మంగళవారం కబురు

(శ్రీకాకుళంలో డిగ్రీ గణితం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంటర్‌లో మాత్రికల పాఠం, అంటే సంఖ్యల్ని అడ్డువరసలు నిలువువరసలుగా పేర్చిన పట్టికల పాఠం, మొదలైన రెండో రోజే మనకి ఒక మాట చెప్తారు. గుణించేటప్పుడు వరస మార్చకూడదు, ఏ ఇంటూ బి వేరు, బి ఇంటూ ఏ వేరు అని. ఎందుకు వేరని అడిగితే బోర్డు మీద ఒక లెక్క చేస్తారు, జవాబులు వేరుగా వస్తాయి, సరే అనుకుంటాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను. ఆ తేడాకి మన ఊళ్ళలో ఒక అర్థం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముగ్గుర్ని తీసుకుందాం. అప్పన్న, గౌరి, సింహాచలం. సోమవారం అప్పన్న, గౌరి ఫోన్‌లో మాట్లాడుకున్నారు. మంగళవారం గౌరి, సింహాచలం మాట్లాడుకున్నారు. ఇంకే ఫోనూ లేదు. సోమవారానికి మాత్రిక ఒకటి రాయండి, ముగ్గురికీ ఒక్కో అడ్డువరస, ఒక్కో నిలువువరస. ఎవరు ఎవరితో మాట్లాడితే ఆ గడిలో ఒకటి, లేకపోతే సున్న. మంగళవారానికి ఇంకొకటి. రెండూ సౌష్ఠవ మాత్రికలే, అంటే అడ్డం నిలువు తిప్పి రాసినా మారవు, ఫోన్ అన్నాక ఇద్దరూ మాట్లాడతారు కదా. ఇప్పుడు సోమవారాన్ని మంగళవారంతో గుణించండి. తొమ్మిది గడుల్లో ఎనిమిది సున్నలు. అప్పన్న అడ్డువరసలో, సింహాచలం నిలువువరసలో మాత్రం ఒకటి. అంటే అప్పన్న కబురు సింహాచలానికి చేరగలదు. సింహాచలం కబురు అప్పన్నకి చేరే దారి లేదు. గౌరికి అది తెలిసేసరికి సోమవారం వెళ్ళిపోయింది. వరస తిప్పి గుణిస్తే ఆ ఒకటి ఎదురు మూలకి పోతుంది. పరీక్ష కోసం మనం బట్టీ పట్టిన ముక్క ఇదన్నమాట.

సోషల్ నెట్‌వర్క్ అనగానే అందరూ మనిషికో చుక్క పెట్టి, పరిచయానికో గీత గీస్తారు. కోనిగ్స్‌బర్గ్ ఊళ్ళో వంతెనలన్నిటినీ ఒక్కోసారే దాటి తిరగగలమా అన్న చిక్కుని 1736లో గణితజ్ఞుడు ఆయిలర్ విప్పాడు. ఆ చిక్కుకి తర్వాతివాళ్ళు గీసిన బొమ్మల లాంటి అలవాటు ఇది. వంతెనలకి అది సరిపోతుంది, అవి రాత్రీ పగలూ అక్కడే ఉంటాయి. మనుషుల మాటలు అలా ఉండవు. మన ముగ్గురికీ గీతలు గీసి చూడండి, ఎటు నుంచి ఎటైనా కబురు వెళ్తుందనిపిస్తుంది. మ్యాప్‌లో శ్రీకాకుళం నుంచి పాలకొండ మీదుగా సీతంపేటకి దారి ఎప్పుడూ ఉంటుంది. మీరు పాలకొండలో దిగేసరికి సీతంపేట ఆఖరి బస్సు వెళ్ళిపోతే మాత్రం ఆ రాత్రి బస్టాండ్‌లోనే.

ప్రపంచంలో ఎవరి నుంచి ఎవరికైనా ఆరు అడుగులే అనే కథ మీరు వినే ఉంటారు. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ఉత్తరాల ప్రయోగం దానికి మూలం. ముక్కూ మొహం తెలియని ఒకాయనకి, తెలిసినవాళ్ళ చేతుల మీదుగానే ఉత్తరం చేర్చాలి. ట్రావర్స్‌తో కలిసి ఆయన 1969లో ప్రచురించిన వ్యాసంలో 296 మందితో మొదలుపెట్టారు. బోస్టన్‌లో పనిచేసే ఒక షేర్ బ్రోకర్‌కి చేరినవి 64. చేరిన వాటికి మధ్యలో సగటున ఐదుగురు. మిగతా 232 గురించి ఎవరూ మాట్లాడరు. కొన్ని బయల్దేరనే లేదు, కొన్ని దారిలో ఎవరి చేతిలోనో ఆగిపోయాయి. నా మనసెప్పుడూ ఆ 232 మీదే.

ఇప్పుడు కొంచెం గట్టి లెక్క. ఒక మనిషి పలుకుబడి కొలవడానికి 1953లో లియో కాట్జ్ ఒక పద్ధతి చెప్పాడు. అతనికి తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు, ఆ అవతలివాళ్ళు, అందర్నీ కలపాలి. కాకపోతే ఒక్కో మెట్టుకీ ఆల్ఫా అనే చిన్న సంఖ్యతో గుణించి తగ్గించాలి. ఇది మనకి తెలిసిన గుణశ్రేఢే, సంఖ్య ఉండాల్సిన చోట మాత్రిక ఉంది. పరిచయాల మాత్రికని 'ఏ' అందాం. మొత్తం కూడితే, యూనిట్ మాత్రిక లోంచి 'ఏ'కి ఆల్ఫా రెట్లు తీసేసిన దానికి విలోమం వస్తుంది. ఆల్ఫా మరీ పెద్దదైతే శ్రేణి అభిసరించదు, అంటే మొత్తం ఒక చోట నిలవదు, జాగ్రత్త. ఈ లెక్కలో కాలం వరస లేదు. 2011లో గ్రిండ్రాడ్, పార్సన్స్, హైయమ్, ఎస్ట్రాడా అనే నలుగురు ఒక్కో సమయానికి ఒక్కో కాట్జ్ విలోమం రాసి, వాటిని కాలం వరసలోనే గుణించారు. వచ్చిన మాత్రికలో అడ్డువరస కూడితే ఆ మనిషి కబురు ఎంతగా పాకగలదో తెలుస్తుంది. నిలువువరస కూడితే అతని దాకా ఎంత రాగలదో తెలుస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. తెల్లారకుండా నాలుగిళ్ళకి పాలు పోసే మనిషికి పరిచయాలు తక్కువే, కానీ అతను చెప్పింది చీకటిపడేలోగా ఊరంతా తిరుగుతుంది. రాత్రి కొట్టు కట్టేసే ముందు పదిమందితో మాట్లాడే షావుకారు అన్నీ వింటాడు, ఆయన చెప్పింది ఆ రోజుకి ఎటూ పోదు. పరిచయాలు లెక్కపెడితే షావుకారే గొప్ప.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు కూలిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. మా పిన్ని వాళ్ళది మందస వైపు. మాకు తెలిసినవాళ్ళ బొమ్మ గీస్తే ఆ రోజు కూడా ఒక్క గీత తగ్గదు. నాలుగో రోజు వాళ్ళ ఊరి కుర్రాడొకడు చార్జింగ్ కోసం పలాస వచ్చి, పిన్ని రాసిచ్చిన నంబర్లకి వరసగా ఫోన్ చేశాడు. మాది ఆరోది. "మీ పిన్నికేటీ అవ్వలేదండి, రేకులే ఎగిరిపోనాయి" అని పెట్టేశాడు. డబ్బు పంపాలా, మనిషిని పంపాలా అని అడుగుదామని వెంటనే తిరిగి చేస్తే స్విచాఫ్.

ఆ రాత్రే నాకు మాత్రికలు గుర్తొచ్చాయని చెప్తే బాగుంటుంది గానీ, రాలేదు. ఆర్నెల్ల తర్వాత క్లాసులో ఎనిమిది సున్నలు వేసి, ఆ ఒకటి ఏ మూల వెయ్యాలా అని సుద్దముక్కతో ఆగినప్పుడు గుర్తొచ్చాయి.