దసరా రాత్రి వేసిన గోలీ

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు, నాకున్నది పది నిమిషాలే, ఏమీ అనుకోకండి. హనుమకొండలో 24 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. లివర్ గురించి మాట్లాడమన్నారు. నేను మా తమ్ముడి గురించి చెప్తాను.

వాడు ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం గుమాస్తా. ఒక ఏడు అప్పుల టెన్షన్‌తో నిద్ర పోయింది, మాట పోయింది. డాక్టరు అమిట్రిప్టిలిన్ అని డిప్రెషన్ తగ్గించే గోలీ రాశారు. నెలా రెండు నెలల్లో మనిషి తేరుకున్నాడు, గోలీ పని చేసింది, అది మర్చిపోకండి. దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు, దోస్తులతో కూర్చుని తాగి వచ్చాడు. రాత్రి మా మరదలు మర్చిపోకుండా గోలీ వేసింది. తెల్లారి ఎంత లేపినా లేవలేదు. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు, బతికాడు.

ఆ గోలీ పేగుల నుంచి ముందు లివర్‌కే పోతుంది. అక్కడి ఎంజైములు కొంత విరగ్గొట్టాకే మిగిలింది ఒంటికి చేరుతుంది. తాగి ఉన్నప్పుడు ఆ పని మందగిస్తుంది, అంటే గోలీ ఒక్కటే అయినా రక్తంలోకి మందు ఎక్కువ దిగుతుంది, పైగా రెండూ మత్తు తెచ్చేవే. రోజూ తాగేవాళ్లలో ఇది తిరగబడవచ్చు, లివర్ ఎంజైములను పెంచుకుని మందును తొందరగా కరిగించేస్తుంది, "ఈ గోలీ పని చేస్తలేదు" అంటారు. లివర్ చెడిపోయాక మళ్లీ మందు పేరుకుంటుంది. డ్యులాక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు అయితే బాగా తాగేవాళ్ల లివర్‌నే దెబ్బతీయవచ్చు.

"ఈ ఒక్కరోజు గోలీ మానేసి తాగుతా" అని నా కౌంటర్ దగ్గర ఎంతమంది అన్నారో! ఫ్లుయోక్సెటిన్ లాంటి డిప్రెషన్ గోలీ ఆపినా వారాల తరబడి ఒంట్లో ఉంటుందమ్మా. గోలీ మీ అంతట మీరు ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆపాల్సింది సీసా.

తమ్ముడికి డాక్టరు రాసిన ఆ చీటీ మీద "రాత్రి 1" అని తప్ప ఇంకేం లేదు. తాగుతాడా అని డాక్టరు అడగలేదు. స్ట్రిప్పు కాగితంలో చుట్టి ఇచ్చింది నేను, నేనూ అడగలేదు. మరదలు ఇప్పటికీ తన చేత్తో వేశానని ఏడుస్తుంది. ఆమెకు ఎవరు చెప్పారు? చెప్పండి, ఎవరు చెప్పారు?

మనసు గోలీలు బీరువాలో దాచుకుంటాం, అందుకే "ఒక్క పెగ్గే కదరా" అని బలవంతపెట్టే బావకు తెలియదు. తాగే అలవాటుంటే డాక్టరుకు దాచకండి. తాగుడు ఉన్నట్టుండి మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు, అదీ అడిగే చేయండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే 14416 టెలి మానస్, మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్, ఫోన్ ఫ్రీ.

సభ అయ్యాక వేదిక పక్కనే ఉంటాను. చీటీలు పట్టుకుని రండి, ఎంతసేపైనా చూస్తాను.