కీప్: ఆగకుండా సాగే పనికి ఒక చిన్న మాట

అందరికీ నమస్కారం. ఇక్కడ డిగ్రీ పిల్లలు ఎక్కువగా ఉన్నారు కాబట్టి ఇవాళ ఒక్క క్రియ గురించే మాట్లాడతాను. అది ‘కీప్’.

బడిలో దీనికి ‘ఉంచు’ అని అర్థం రాయించి వదిలేస్తారు. అందుకే మనలో చాలామంది ‘కీప్ ద ప్లేట్ ఆన్ ద టేబుల్’ అంటారు. ప్లేటు అక్కడ పెట్టమని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. ఆ పనికి ఇంగ్లీషులో ‘పుట్’ ఉంది. పెట్టడం క్షణంలో అయిపోతుంది, కీప్‌లో మాత్రం కాలం సాగుతుంది. పాత ఇంగ్లీషులో ఈ మాటకు పట్టుకోవడం, కనిపెట్టుకుని ఉండడం అనే అర్థాలుండేవి. వికెట్ కీపర్ చేసేది ఇప్పటికీ అదే కదా, బంతి బంతికీ కనిపెట్టుకుని ఉండడం.

అసలు విషయం దీని తర్వాత ‘ఇంగ్’ చేరినప్పుడు మొదలవుతుంది. ‘షీ ఈజ్ కాలింగ్ మీ’ అంటే ఆమె నాకు ఫోన్ చేస్తోంది. ‘షీ కీప్స్ కాలింగ్ మీ’ అంటే చేస్తూనే ఉంది. నేను ఎత్తకపోయినా, వద్దన్నా మళ్లీ మళ్లీ చేస్తోంది. ఈ తేడా తెలుగువాళ్లకు కొత్త కాదు. ‘చేస్తూ’కు ‘నే’ చేర్చి రోజూ ఇంట్లో ఈ మాటే అంటున్నాం. కానీ ‘ఇంగ్ అంటే తున్నాను’ అని ఒకే సూత్రం బట్టీ పట్టిస్తారు. దాంతో ఇంత చక్కగా తెలిసిన విషయం ఇంగ్లీషులోకి వచ్చేసరికి మన నోటికి రాదు. నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది.

‘ఇట్ కెప్ట్ రెయినింగ్’ అంటే వాన తెరిపి లేకుండా కురిసింది. ‘ఐ కీప్ ఫర్గెటింగ్ హిజ్ నేమ్’ అంటే అతని పేరు మాటిమాటికీ మర్చిపోతున్నాను. మొదటిదానిలో విరామం లేదు, రెండోదానిలో ఉంది. రెండింటికీ కీప్ సరిపోయింది. ‘ఆన్’ కలిపి ‘హీ కీప్స్ ఆన్ ఆస్కింగ్’ అంటే అడిగిందే అడుగుతున్నాడని కాస్త నొక్కి చెప్పినట్టు. చాలాసార్లు అందులో విసుగు కూడా వినిపిస్తుంది.

‘కంటిన్యూ టు ట్రై’ అనొచ్చు గానీ ‘కీప్ టు ట్రై’ అనకూడదు. ‘కీప్ ట్రైయింగ్’ అనాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ‘ఫ్రమ్’. ‘షీ కెప్ట్ ద చిల్డ్రన్ ప్లేయింగ్’ అంటే పిల్లల్ని ఆడిస్తూనే ఉంది. ‘షీ కెప్ట్ ద చిల్డ్రన్ ఫ్రమ్ ప్లేయింగ్’ అంటే ఆడుకోనివ్వలేదు. ఒక్క చిన్న మాట చేరేసరికి అర్థం పూర్తిగా తిరగబడింది. పరీక్షలో తొందరగా చదివితే పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరో ఒకరు ఎప్పుడూ చేస్తూనే ఉండే పని ఒకటి తలుచుకోండి. దాన్ని కీప్‌తో ఒక వాక్యంగా రాసి, ముందు వరుసలో ఉన్నవాళ్లు చదివి వినిపించండి.