మూడు ఆటల ఆధిక్యం రెండున్నర వారాల్లో ఎలా కరిగిపోయింది?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: యాంకర్, బాస్కెట్‌బాల్ కోచ్, మ్యాడిసన్‌లో ఎం.ఎస్. చేసిన అమ్మాయి, చాలా ఏళ్లుగా మేరీల్యాండ్‌లో ఉంటున్న అభిమాని)

యాంకర్: నమస్కారం. ఫిబ్రవరి చివరికొచ్చేసరికి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు నిద్ర ఉండదు. ఇవాళ ఒక పాత పట్టిక ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. 2020 ఫిబ్రవరి 18 రాత్రి, బిగ్ టెన్ కాన్ఫరెన్స్, అంటే కొన్ని కాలేజీ జట్లు తమలో తాము ఆడుకునే లీగ్. మేరీల్యాండ్ 12 గెలిచి 3 ఓడింది. విస్కాన్సిన్ 9-6. మిషిగన్ స్టేట్ కూడా 9-6. ఒక్కొక్కరికి ఇంకా ఐదేసి మ్యాచ్‌లు. అంకుల్, ఆ రాత్రి మీరేం చేస్తున్నారు?

మేరీల్యాండ్ అభిమాని: హాయిగా పడుకున్నానమ్మా. నిద్ర ఉండదని మీరంటున్నారు గానీ, ఆ రోజు నాకు బ్రహ్మాండంగా పట్టింది. మూడు రోజుల ముందే ఈస్ట్ లాన్సింగ్ వెళ్లి మిషిగన్ స్టేట్‌ని వాళ్ల గడ్డ మీదే 67-60తో కొట్టొచ్చాం. 60-53తో వెనకబడ్డవాళ్లం, ఆ తర్వాత వరుసగా 14 పాయింట్లు మావే. మా ఆంథొనీ కవన్ ఆట చూశాక టైటిల్ వచ్చేసిందనే అనుకున్నా.

మ్యాడిసన్ అమ్మాయి: మేమూ మీకే వచ్చేసిందనుకున్నాం అంకుల్. ఫిబ్రవరి 5న మిన్నెసోటాలో ఓడినప్పుడు మేం 6-6. కాన్ఫరెన్స్ టైటిల్ ఊసే లేదు. మార్చిలో జాతీయ టోర్నమెంట్‌కి పిలుస్తారా లేదా అన్నదే మా బెంగ.

యాంకర్: చివరికి ముగ్గురూ 14-6 దగ్గర ఆగారు. ముగ్గురూ చాంపియన్లే. కోచ్ గారూ, మూడు ఆటల ఆధిక్యం అంత సులువుగా ఎలా పోతుంది?

కోచ్: సులువుగా పోలేదండీ, ఒక్కొక్కటిగా జారింది. ముందు పద్ధతి చెబుతాను. పేరులో టెన్ ఉన్నా అప్పుడు జట్లు 14, ఇప్పుడైతే 18. ఆ ఏడాది ఒక్కో జట్టుకు కాన్ఫరెన్స్‌లో 20 మ్యాచ్‌లు. పదమూడు మంది ప్రత్యర్థుల్లో ఏడుగురితో రెండేసి సార్లు, మిగతా ఆరుగురితో ఒక్కోసారి. ఆ ఒక్కోసారిలో మూడు సొంత ఊళ్లో, మూడు బయట. అంటే ఒకే పట్టికలో ఉన్న ఇద్దరు ఒకే పరీక్ష రాసినట్టు కాదు. ఒకళ్లకు వచ్చిన ప్రశ్న ఇంకొకళ్లకు రాకపోవచ్చు. అందుకే ఫిబ్రవరిలో గెలుపుల గడి చూడొద్దంటాను. ఇంకా ఎవరితో, ఎక్కడ ఆడాలో చూడండి.

మేరీల్యాండ్ అభిమాని: అదే చెబుతున్నా. మిగిలిన ఐదింట్లో మూడు మాకు బయటే. ఒహాయో స్టేట్, మిన్నెసోటా, రట్గర్స్.

మ్యాడిసన్ అమ్మాయి: మిషిగన్ స్టేట్‌కీ మూడు బయటే కదా అంకుల్! నెబ్రాస్కా, మీ కాలేజ్ పార్క్, పెన్ స్టేట్. వాళ్లు ఐదూ గెలిచారు. షెడ్యూల్ వంక వాళ్లకి పనికొచ్చిందా?

కోచ్: (నవ్వుతూ) దొరికిపోయాను. సరే, సగం ఒప్పుకుంటాను. నెబ్రాస్కా ఆ ఏడాది 2-18, అది లెక్కలోకి రాదు. కానీ కాలేజ్ పార్క్‌లో 78-66తో గెలవడం మామూలు సంగతి కాదు. క్యాషియస్ విన్‌స్టన్‌లాంటి నాలుగో ఏడు పాయింట్ గార్డు, అంటే ఆట నడిపించేవాడు, ఉన్న జట్టుకు మార్చిలో కంగారుండదు. సీజన్ మొదట్లో దేశంలో నంబర్ వన్ అనిపించుకున్న జట్టది. మధ్యలో తడబడింది, చివరికి తన స్థాయికి తాను వచ్చింది. వాళ్ల కోచ్ టామ్ ఇజ్జో జట్లకు అది అలవాటే.

యాంకర్: మరి మేరీల్యాండ్ ఎక్కడ దెబ్బతింది? ఒహాయో స్టేట్ ఊరు కొలంబస్‌లోనా?

మేరీల్యాండ్ అభిమాని: 23న ఒహాయో స్టేట్‌లో 79-72తో ఓడాం. పోనీలే, ఒకటే కదా అనుకున్నాం. 26న మిన్నెసోటాలో 17 పాయింట్లు వెనకబడి, ఆఖర్లో 1.9 సెకన్లు ఉందనగా డారిల్ మోర్సెల్ త్రీ (మూడు పాయింట్ల షాట్) వేశాడు. 74-73. మా ఇంట్లో అరుపులకి పక్కింటావిడ తలుపు కొట్టింది. ఆ గెలుపే మమ్మల్ని ముంచిందేమో అని ఇప్పటికీ నా అనుమానం. జట్టులో ఏదో సడలుతోందని అప్పుడే ఓడి ఉంటే తెలిసేది.

కోచ్: అంత దూరం వెళ్లొద్దు సార్. ఆ మ్యాచ్ ఓడి ఉంటే మీరు 13-7. పంచుకోవడానికి ఆ టైటిల్ కూడా ఉండేది కాదు.

మేరీల్యాండ్ అభిమాని: ...అదీ నిజమే.

కోచ్: నన్నడిగితే అసలు మలుపు మార్చి 3, రట్గర్స్. ఊరు పిస్కాటవే, న్యూజెర్సీ. మన తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ఎడిసన్‌కి పక్కనే. పైకి చూస్తే రట్గర్స్ పట్టిక మధ్యలో ఉన్న జట్టు. సొంత జిమ్‌లో మాత్రం ఆ ఏడాది 18-1. 1991 తర్వాత జాతీయ టోర్నమెంట్ ముఖం చూడని కాలేజీ, ఈసారి ఎలాగైనా వెళ్లాలన్న కసితో ఉంది. 78-67తో మేరీల్యాండ్‌ను ఓడించింది. సీజన్ చివర్లో ఇదే గమనించాలి. పైనున్నవాడు పోగొట్టుకోకూడదని ఆడతాడు, మధ్యలో ఉన్నవాడు ప్రాణం పెట్టి ఆడతాడు.

మ్యాడిసన్ అమ్మాయి: విస్కాన్సిన్ గురించి ఎవరూ మాట్లాడరేం? ఎప్పుడూ ఇంతే.

యాంకర్: మాట్లాడండి, మీ కోసమే పిలిచాం.

మ్యాడిసన్ అమ్మాయి: 6-6 తర్వాత వరుసగా ఎనిమిది గెలుపులు. మెరుపులేం లేవు. మా కోచ్ గ్రెగ్ గార్డ్ జట్టు ఆట చూస్తే మా అమ్మకు ఆవులింతలొచ్చేవి, అంత నిదానం. మార్చి 7న ఇండియానాలో 60-56తో గెలిచాం. టైటిల్‌లో మా వాటా ఖాయం. మర్నాడు ఆదివారం మేం టీవీ ముందు. మేరీల్యాండ్ మిషిగన్‌ను (మిషిగన్ స్టేట్ కాదు, వేరే కాలేజీ) 83-70తో, మిషిగన్ స్టేట్ ఒహాయో స్టేట్‌ను 80-69తో ఓడించాయి. మా ఒక్కరిదే అవుతుందనుకున్న పండగకి ఇద్దరు చుట్టాలు వచ్చారు.

యాంకర్: పట్టికలో ముగ్గురూ సమానమైతే కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో ఒకటో సీడ్, అంటే మొదటి ర్యాంకు, విస్కాన్సిన్‌కే ఎందుకు ఇచ్చారు?

కోచ్: టైటిల్‌కి టై బ్రేకర్ లేదండీ, ముగ్గురికీ ఇస్తారు. కాన్ఫరెన్స్ టోర్నమెంట్ సీడింగ్‌కి మాత్రం ఈ ముగ్గురూ ఒకళ్లతో ఒకళ్లు ఆడినవి తీసి చూస్తారు. విస్కాన్సిన్ 2-1, మిషిగన్ స్టేట్ 2-2, మేరీల్యాండ్ 1-2.

మేరీల్యాండ్ అభిమాని: ఆగండాగండి. ఇక్కడే నాకు మండుతుంది. విస్కాన్సిన్‌తో మేం ఆడింది ఒక్కసారే, అదీ మ్యాడిసన్‌లో. 56-54తో ఓడాం. వాళ్ల బ్రాడ్ డేవిసన్ చివర్లో త్రీ వేశాడు. వాళ్లు మా ఊరికి రానే లేదు! వస్తే ఏమయ్యేదో?

మ్యాడిసన్ అమ్మాయి: రమ్మంటే వచ్చేవాళ్లమే అంకుల్.

కోచ్: సార్ మాటలో న్యాయం ఉంది. అయితే విస్కాన్సిన్ కూడా అయోవాకి, మిషిగన్‌కి, పెన్ స్టేట్‌కి వెళ్లాలే తప్ప వాళ్లను ఇంటికి పిలిచే వీల్లేదు. ఎవరి కష్టం వాళ్లది. మరుసటి ఏడాది దీన్ని మించిన గొడవైంది, గుర్తుందా? కొవిడ్ వల్ల మిషిగన్ 17 మ్యాచ్‌లే ఆడి 14-3. ఇల్లినాయ్ 20 ఆడి 16-4. శాతం తీస్తే 82.4 ఒకళ్లకి, 80 ఇంకొకళ్లకి. రెండు గెలుపులు ఎక్కువున్నవాళ్లకి టైటిల్ లేదు. పైగా మార్చి 2న మిషిగన్ సొంత కోర్టులోనే ఇల్లినాయ్ 76-53తో చితక్కొట్టింది, అదీ తమ ముఖ్య ఆటగాడు అయో డొసున్ము లేకుండా.

యాంకర్: మీరైతే ఎవరికి ఇచ్చేవారు?

కోచ్: ఇద్దరికీ. బిగ్ టెన్‌కి పంచడం కొత్తేం కాదు కదా. శాతంతో తేలుస్తామన్నారు, నియమం నియమమే. నాకు మాత్రం అది మింగుడు పడలేదు.

మ్యాడిసన్ అమ్మాయి: 2022లో ఇల్లినాయ్‌కి మేమే బాకీ తీర్చాం లెండి. చివరి రోజు గెలిస్తే టైటిల్ మా ఒక్కరిదే. మా ఇంట్లోనే నెబ్రాస్కా చేతిలో 74-73తో ఓడాం. వాళ్లు ఆ ఏడాది 4-16! ఆ రాత్రి ఇల్లినాయ్ అయోవాను 74-72తో గెలిచి మాతో పంచుకుంది.

మేరీల్యాండ్ అభిమాని: ఆ రోజు మాత్రం నేను నవ్వాను. అబద్ధం చెప్పను.

యాంకర్: అంకుల్, మరి 2020ది మీకు చేదా, తీపా?

మేరీల్యాండ్ అభిమాని: రెండూనమ్మా. 2014లో బిగ్ టెన్‌లో చేరాక అదే మా మొదటి టైటిల్. ఇంట్లో సొంత జనం ముందు మిషిగన్‌ను ఓడించి అందుకున్నాం. మూడో వంతు అయితేనేం, బ్యానర్ పూర్తిదే కదా.

మ్యాడిసన్ అమ్మాయి: ఒకటో సీడ్ మాత్రం మాది.

మేరీల్యాండ్ అభిమాని: ఆ సీడ్‌తో ఎన్ని మ్యాచ్‌లు ఆడారమ్మా?

కోచ్: (నవ్వుతూ) అబ్బ, గట్టిగా తగిలింది. చూసేవాళ్లకి చెప్పాలి. మార్చి 11న ఇండియానాపొలిస్‌లో కింది జట్ల మ్యాచ్‌లు రెండు జరిగాయి. పైనున్న నలుగురికి మొదటి రెండు రౌండ్లూ సెలవు కాబట్టి ఈ ముగ్గురిలో ఎవరూ కోర్టులో దిగలేదు. 12న కొవిడ్‌తో టోర్నమెంట్ రద్దు. అదే రోజు జాతీయ టోర్నమెంట్ కూడా.

మ్యాడిసన్ అమ్మాయి: సున్నా.

మేరీల్యాండ్ అభిమాని: మాది మూడో సీడ్. మేమూ సున్నానే. చూశావా, అక్కడా సమానమే!

యాంకర్: ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు, ఈస్ట్ లాన్సింగ్ నుంచట. ఇప్పటిదాకా వాళ్ల జట్టు తరఫున ఎవరినీ పిలవలేదని కోపంగా ఉన్నారు. చిన్న విరామం తర్వాత మాట్లాడదాం.